చెరలోనివారిని మరువని జాన్ హోవర్డు

ఆదికాండము 40వ అధ్యాయము చదువునప్పుడెల్ల దాని చివరి వచనము దగ్గర మనము కొంచెము ఆగుచుందుము. ఐగుప్తు చెరసాలలో యోసేపుతో కూడ ఉండిన పానదాయకుల అధిపతి విడుదల నొంది, మరల ఫరో చేతికి గిన్నె నందించువాడాయెను. లోపల మిగిలిపోయిన హెబ్రీ యువకుడు అతనికి జ్ఞాపకము రాలేదు. అతడు దుర్మార్గుడని లేఖనము చెప్పదు. మరచెను, అంతే. రెండు నిండు సంవత్సరములు మరచెను. చెరసాల వెలుపల నున్నవారికి లోపలి సంగతి తెలియదు. లోపలినుండి వచ్చినవారు దానిని మరువగోరుదురు. ఈ ఇరువురి నడుమ చెరలోనివాడు అట్లే పడియుండును.

ఈ నెల మేము చదువరుల యెదుట నుంచుచున్న జాన్ హోవర్డును ఒకప్పుడు చెరలో ఉండి వచ్చినవాడే. ఆయనయు కొంతకాలము మరచెననియే చెప్పవలెను. తరువాత జ్ఞాపకము చేసికొనెను. ఒకసారి జ్ఞాపకము వచ్చిన తరువాత, చనిపోవు దినము వరకు ఆ సంగతిని విడిచిపెట్టలేదు.

హోవర్డు 1726వ సంవత్సరము సెప్టెంబరు 2వ తేదీన లండను పరిసరములలో జన్మించెను. తండ్రి పరుపులు, తెరలు, కుర్చీల పైగుడ్డలు అమ్మి చాల ధనము కూడబెట్టిన వర్తకుడు. ఇంగ్లండు ప్రభుత్వ సంఘములో చేరక స్వతంత్ర సంఘమును అనుసరించిన భక్తిపరుడు. ఇంటిలో మిక్కిలి కఠినుడు. తల్లి పిల్లవాని చిన్నతనములోనే పోయెను. బాలుడు బలహీనుడు, చదువు అంతంతమాత్రమే అబ్బెను. తరువాతి కాలములో ఆయన వ్రాసిన గ్రంథములను విద్వాంసులైన స్నేహితులు సరిదిద్దవలసి వచ్చెను. ఒక కిరాణా వర్తకుని దగ్గర పని నేర్చుకొనుచుండగా 1742లో తండ్రి మరణించెను. పదునారేండ్ల ప్రాయములో చేతికి ఆస్తి వచ్చినందున, ఆ పనినుండి విడిపించుకొని ఐరోపా దేశములు తిరిగి వచ్చెను. ఒకప్పుడు తీవ్రమైన జబ్బు చేయగా బసయిచ్చిన ఇల్లాలు ఉపచారము చేసి బ్రతికించెను. ఆమె తనకంటె రెట్టింపు వయస్సు గల విధవరాలైనను, కృతజ్ఞతకొలది ఆమెనే వివాహము చేసికొనెను. కొద్ది యేండ్లకే, 1755లో, ఆమె మరణించెను.

ఆ సంవత్సరము నవంబరు 1వ తేదీననే పోర్చుగల్ రాజధాని లిస్బన్ నగరము భూకంపమువలన నేలమట్టమాయెను. దిగులుతోనున్న హోవర్డు ఆ నగరమును చూడవలెననియు, చేతనైన సహాయము చేయవలెననియు 1756లో హనోవరు అను ఓడ ఎక్కెను. అప్పుడు ఇంగ్లండునకును ఫ్రాన్సునకును వైరము. శత్రువుల ఓడలను పట్టుకొనుటకు అనుమతి పొందిన ఫ్రెంచి ఓడ ఒకటి హనోవరును పట్టుకొనెను. ఒడ్డు చేరువరకు నలుబది గంటలు వారికి త్రాగ నీళ్లు లేవు, తిండియు లేనట్లే. బ్రెస్టు పట్టణపు కోటలో నేలక్రింది గదిలో వారిని వేసిరి. చాలసేపటికి ఒక గొఱ్ఱె మాంసపు ముక్క లోపలికి విసరిరి. కత్తి లేదు, కుక్కలవలె పండ్లతో చీల్చుకొని తినవలసి వచ్చెను. ఆరు రాత్రులు గడ్డిమీద పండుకొనిరి. కార్డింగ్టను గ్రామమున భూములు గల పెద్దమనిషికి ఆ గడ్డిమీద తెలిసిన సంగతి వేరు విధముగా తెలియదగినది కాదు.

అక్కడనుండి వేరొక ఊరికి పంపబడి, పారిపోనని మాట యిచ్చి కొంత స్వేచ్ఛతో ఉండెను. ఆ కాలములో ఊరక కూర్చుండక, బ్రెస్టు, మోర్లే, దినాన్ పట్టణములలో చెరపట్టబడియున్న ఇంగ్లీషు నావికులతో ఉత్తరములు నడిపి వారి స్థితి తెలిసికొనెను. దినాన్‌లో ఒక్క దినమున ముప్పదియారుగురిని ఒకే గోతిలో పూడ్చిరని వినెను. ఇంగ్లండునకు రాగానే అధికారుల యొద్దకు పోయి ఆ సంగతులన్నియు చెప్పెను. ఇంగ్లీషు ప్రభుత్వము ఫ్రెంచివారిని నిలదీయగా ఆ మూడు పట్టణముల ఖైదీలకు విడుదల కలిగెను. పానదాయకుల అధిపతి చేయని పని హోవర్డు అప్పుడు చేసెను.

అయితే అది తన దేశస్థుల కొరకు, శత్రువుల చెరసాలల విషయమై చేసిన పని. తన దేశపు చెరసాలల సంగతి ఆయనకు తట్టుటకు పదునేడేండ్లు పట్టెను. ఆ యేండ్లు కార్డింగ్టనులో గడచెను. 1758లో హెన్రియెట్టా అను గుణవతిని వివాహమాడెను. దంపతులు తమ రైతుల గుడిసెలు పడగొట్టి మంచి యిండ్లు కట్టించిరి, పిల్లలకు బడులు పెట్టిరి. 1765లో ఆమె కుమారుని కని, కొద్ది దినములకే మరణించెను. తండ్రి ఆ పిల్లవానిని పెంచిన తీరు గురించి ఆ కాలమందే రెండు అభిప్రాయములుండెను. తన తండ్రివలెనే ఆయనయు కఠినుడని కొందరనిరి. కాదని స్నేహితులు వాదించిరి. ఆయన ఎక్కువగా ఇంట లేడన్నది మాత్రము నిజము.

ఇక 1773వ సంవత్సరము. ఆ యేట హోవర్డు బెడ్‌ఫర్డు కౌంటీకి హైషెరీఫుగా నియమింపబడెను. ప్రభుత్వ సంఘములో చేరనివారికి అట్టి ఉద్యోగములను నిషేధించు చట్టము అప్పుడు అమలులోనుండెను. అయినను శిక్షకు జంకక ఆయన పని స్వీకరించెను. షెరీఫు పదవి సాధారణముగా గౌరవము కొరకైనది. న్యాయాధిపతులు వచ్చినప్పుడు ఎదురేగి, విందులిచ్చి, ఏడాది గడుపుదురు. చెరసాల షెరీఫు అధికారము క్రిందిదే గాని, లోపలికి పోయి చూచినవారు అరుదు. హోవర్డు పోయెను. యాత్రికుని ప్రయాణము వ్రాసిన జాన్ బన్యను 1660 మొదలు పండ్రెండేండ్లు మ్రగ్గినది ఈ బెడ్‌ఫర్డు కౌంటీ చెరసాలయందే. హోవర్డు ఆరాధనకు పోవుచువచ్చినదియు బన్యను కాపరిగా నుండిన సంఘమునకే. 1772లో బాప్తిస్మమును గూర్చిన భేదమువలన దానినుండి విడిపోయిన వారిలో ఆయన ఒకడు.

లోపల ఆయన కన్నులు తెరిపించినది మురికియు కాదు, సంకెళ్లును కాదు. నిర్దోషులని జూరీ విడిచిపెట్టినవారు, నేరము మోపుటకే ఆధారము లేదని తేలినవారు, ఫిర్యాది కోర్టుకు రానేరానివారు అచ్చటనే ఉండిరి. నెలల కొలది విచారణ కొరకు వేచియుండి, న్యాయస్థానములో విడుదల మాట విని, మరల సంకెళ్లతో వెనుకకు తేబడిరి. ఎందుకనగా జైలరునకు 15 షిల్లింగుల 4 పెన్నీలు, తాళములు తీయువానికి 2 షిల్లింగులు చెల్లించితేనే గాని తలుపు తెరువబడదు. అది ఆనాడు పొలము పని చేయువానికి ఇంచుమించు రెండు వారముల కూలి. చెరలో నెలల తరబడి కూలి లేక యుండినవాడు దానిని ఎక్కడనుండి తెచ్చును? తేలేనివాడు నిర్దోషియై, నిర్దోషిగానే చెరలో నుండును.

హోవర్డు జైలరును కోపపడి ఊరకొనలేదు. అతనికి జీతమెంత అని విచారించెను. జీతమే లేదు. ఖైదీలు ఇచ్చు రుసుములే అతని బ్రతుకు. సంకెళ్లు వేయుటకు, తేలిక సంకెళ్లు మార్చుటకు, మంచము అద్దెకిచ్చుటకు, విడుదల చేయుటకు అన్నిటికిని రుసుమే. చాల చోట్ల జైలరు లోపలనే సారాయి దుకాణము నడపుచుండెను. ఖైదీలెంత త్రాగిన అతనికంత లాభము. చెరసాల చెడిపోయినది ఒక చెడ్డ మనుష్యునివలన కాదనియు, అది నడుచు ఏర్పాటే చెడ్డదనియు హోవర్డు గ్రహించెను. ఈ ఒక్క గ్రహింపువలననే ఆయన తన కాలపు దయగల ధనవంతులనుండి వేరగుచున్నాడని మా అభిప్రాయము. ధర్మము చేయువారు అప్పుడును చాలమంది ఉండిరి.

రుసుము మాని జైలరునకు జీతమిప్పించుడని జిల్లా మేజిస్ట్రేటులను అడిగెను. వారు కాదనలేదు, పొరుగు కౌంటీలలో ఎక్కడనైన అట్లు చేసినట్టు చూపుమనిరి. తప్పించుకొనుటకు చక్కని మాట. హోవర్డు గుఱ్ఱమెక్కి పొరుగు కౌంటీకి పోయెను. అచ్చటను అదే అన్యాయము. దాని పొరుగునకు పోయెను. అచ్చటను అదే. వెదకబోయిన దృష్టాంతము దొరకలేదు గాని, ఒక్కొక్క చెరసాలలో కనబడినది ఆయనను తరువాతి చెరసాలకు తరిమెను. ఆ స్వారి పదునేడేండ్లు సాగెను.

ఆయన తిరుగు పద్ధతి చెప్పదగినది. వెంట ఒక సేవకుడు, ఒక జ్ఞాపకముల పుస్తకము, కొలబద్ద, ఒక సీసాలో వినిగరు. మాంసము ముట్టడు, ద్రాక్షారసము ముట్టడు. చెరసాలల కంపు బట్టలకు పట్టుటవలన మూసిన బండిలో కూర్చుండలేక ఎండయైనను వానయైనను గుఱ్ఱముమీదనే పోవుచుండెను. జ్ఞాపకముల పుస్తకపు ఆకులను నిప్పు దగ్గర పరచి ఆరబెట్టిన తరువాతనే చదువగలిగెడివాడు. వినిగరు సీసాకూడ ఒకటి రెండు చెరసాలలకే పాడగుచుండెను. గది పొడవు, వెడల్పు, ఎత్తు కొలుచును, రొట్టె తూచును, నీరు ఎన్ని పైంట్లో అడుగును. జైలరు చెప్పినది విని, తరువాత ఖైదీని అడుగును. ఖైదీ మాటను తన కొలతతో సరిచూచి వ్రాసికొనును. చెరలోనివాని సాక్ష్యమునకు విలువ యిచ్చి లెక్కలో చేర్చినవారు ఆ దేశములో ఆయనకు ముందు మిక్కిలి కొద్దిమంది.

ప్లిమత్ పట్టణపు చెరసాలలో ఒక గది పొడవు 17 అడుగులు, వెడల్పు 8 అడుగులు, ఎత్తు అయిదున్నర అడుగులు. పెరిగిన మనిషి దానిలో నిలువలేడు. గాలికిని వెలుతురునకును 7 అంగుళముల పొడవు, 5 అంగుళముల వెడల్పు గల రంధ్రమొక్కటే. దేశాంతరము పంపబడుటకు శిక్ష పొందిన ముగ్గురు దానిలో రెండు నెలలకు దగ్గరగా ఉండి, ఊపిరి కొరకు ఒకరి తరువాత ఒకరు వంతులవారీగా ఆ రంధ్రము దగ్గరకు వచ్చుచుండిరట. హోవర్డు పోయినప్పుడు ఆ తలుపు తెరచి అయిదు వారములైనది. లోపల పాలిపోయిన మనిషి ఒకడు పది వారములుగా ఉండెను. ఇందులో ఉండుటకంటె ఉరితీసియుండిన మేలని అతడు చెప్పెను. హోవర్డు దానిని గది కొలతల ప్రక్కనే వ్రాసికొనెను.

నేర్స్‌బరోలో అప్పులవారి చెరసాల ఒకే గది. మూత లేని మురుగు కాలువ దానిగుండ పారుచుండెను. కొన్నియేండ్ల క్రిందట కొద్దిదినముల కొరకు అచ్చట ఉంచబడిన ఒక సైనికోద్యోగి ఎలుకల బాధ పడలేక తన కుక్కను వెంట తీసికొనిపోయెనట. ఎలుకలు కుక్కను చంపి అతని ముఖమును కొరికినవి. ఈలీ పట్టణపు చెరసాల గోడలు బలహీనమైనవి; వాటిని బాగుచేయు ఖర్చు తప్పించుకొనుటకు పూర్వము ఖైదీలను నేలమీద వెల్లకిల పరుండబెట్టి, గొలుసులతో బిగించి, మెడకు ములుకుల ఇనుప పట్టీ వేసి, కాళ్లమీద ఇనుప కడ్డీ ఉంచుచుండిరి. ఆ చెరసాల ఎవరి సొత్తు? ఈలీ బిషప్పుగారి సొత్తు. డర్హములోని చెరసాలయు అచ్చటి బిషప్పుగారిదే. ఆ రెండు పట్టణముల మహా దేవాలయములు చూడ నేటికిని యాత్రికులు పోవుచున్నారు. యిర్మీయా 38వ అధ్యాయములో ప్రవక్తను గోతినుండి పైకి తీయించిన కూషీయుడైన ఎబెద్మెలెకు, త్రాళ్లు చంకలను కోయకుండ క్రింద పెట్టుకొనుటకు పాత గుడ్డలనుకూడ వెదకి తెచ్చెను. ఈలీలోని సంకెళ్ల క్రింద గుడ్డ పెట్టించువాడు చాలకాలము పుట్టలేదు.

ఇట్టి వింతలకంటె ప్రతి చోట కనబడు సామాన్య విషయములే ఎక్కువ బాధాకరమైనవి. నాడు ఇంగ్లండులో కిటికీలకు పన్ను ఉండెను. చెరసాల కిటికీల పన్నును జైలరు తన చేతినుండి కట్టవలెను. కాబట్టి అతడు కిటికీలు మూయించెను. దిద్దుబాటు గృహములని పేరు పెట్టినవాటిలో పని చేయించి మనుష్యులను బాగుచేయుట ఉద్దేశము. పనిముట్లు లేవు, పని లేదు, చాల చోట్ల తిండియు లేదు. తిండి విషయమై మొఱ్ఱపెట్టినప్పుడు కొందరు అధికారులు పని చేయనియ్యుడి లేక చావనియ్యుడి అను భావముతో జవాబిచ్చిరి. పని లేదని వారికి తెలియును. క్రొత్తగా వచ్చినవాడు పాత ఖైదీలకు కానుక ఇయ్యవలెను, లేదా తొడిగిన బట్ట విడువవలెను. పండ్రెండు, పదునాలుగేండ్ల పిల్లలు కాకలుతీరిన దొంగల చుట్టు చేరి వారి కథలను నోరు తెరచుకొని వినుచుండుట ఆయన చూచెను. మతి చలించినవారిని వేరుగ ఉంచు చోటులేక అందరితో కలిపి ఉంచిరి.

విచారణ ఆలస్యము మరియొకటి. హల్ పట్టణమునకు న్యాయాధిపతులు పూర్వము ఏడేండ్లకొకసారి, తరువాత మూడేండ్లకొకసారి వచ్చెడివారు. హత్యానేరము మోపబడిన ఒకడు ఇంచుమించు మూడేండ్లు వేచియుండెను. ఈలోగా ముఖ్యసాక్షి చనిపోయెను, ముద్దాయి విడువబడెను. నిర్దోషికి అన్యాయము చేయు ఏర్పాటు దోషికిని న్యాయము చేయజాలదు. మన దేశములో 2022వ సంవత్సరపు ప్రభుత్వ లెక్కలలో చెరసాలలలోని నలుగురిలో ఇంచుమించు ముగ్గురు విచారణ ముగియనివారే. వారిలో జామీను మొత్తము కట్టలేక ఉండిపోయినవారును ఉన్నారు. బెడ్‌ఫర్డు జైలరు రుసుమును చదివి మనము పరాయి దేశపు పాతకథ యని ఆశ్చర్యపడుట తగదు.

1776 నాటికి ఆయన ఒక్కొక్క చెరసాల తిరిగి తేల్చిన లెక్క యిది: ఇంగ్లండు, వేల్సులలో మొత్తము ఖైదీలు 4,084. వారిలో అప్పులవారు 2,437, పెద్ద నేరముల వారు 994, చిన్న తప్పిదముల వారు 653. అనగా సగమునకు మించి అప్పు తీర్చలేక లోపలనున్నవారు. లోపల ఉన్నంతకాలము సంపాదన లేదు. సంపాదన లేక అప్పు తీరదు. తీరక విడుదల లేదు. చెరపట్టించిన ఋణదాత తిండికి దినమునకు 4 పెన్నీలు ఇయ్యవలెనని 1759 నాటి చట్టము చెప్పెను. దానిని రాబట్టుటకు దావా వేయవలెను. దావాకు డబ్బుండినవాడు ఆ చెరలో ఎందుకుండును? లండను చుట్టుపట్ల రెండు కౌంటీలు తప్ప దేశమంతటను ఆ 4 పెన్నీలు నిజముగా పొందినవారు పండ్రెండుగురైన హోవర్డునకు కనబడలేదు.

వీటన్నిటికి మించి చెరసాల జ్వరము. 1577లో ఆక్స్‌ఫర్డు న్యాయస్థానమునకు తేబడిన ఖైదీలనుండి అది వ్యాపించి న్యాయాధికారులు, జూరీలు, ఊరివారు కలిసి సుమారు మూడువందలమంది చనిపోయిరి. 1750లో లండనులో అట్లే జరిగి నగరపు లార్డు మేయరుకూడ మరణించెను. 1773, 1774 సంవత్సరములలో దేశములో ఉరితీయబడినవారికంటె ఈ జ్వరమువలన చెరసాలలలో చచ్చినవారే ఎక్కువని హోవర్డు లెక్కించెను. అప్పుల కొరకును, చిల్లర దొంగతనము కొరకును వచ్చినవారికి న్యాయాధిపతి విధింపని మరణశిక్షను చెరసాల విధించెను. చెడుగాలియే దీనికి కారణమని ఆయనయు, ఆ కాలపు వైద్యులును తలచిరి. అది పేలవలన వ్యాపించు టైఫస్ అని 1909లో తేలెను. కారణము తెలియకున్నను ఆయన చెప్పిన చికిత్స, అనగా స్నానము, ఉతికిన బట్టలు, బట్టలను వేడిచేయు పొయ్యి, నిజముగా పనికివచ్చినదే.

1774 మార్చిలో హోవర్డు పార్లమెంటు సంఘము యెదుట సాక్ష్యమిచ్చెను. సభ ఆయనను పిలిపించి కృతజ్ఞత తెలిపెను. ఆ యేడే రెండు చట్టములు వచ్చెను: విడుదలైనవారినుండి రుసుము తీసికొనకూడదని ఒకటి, చెరసాలలను శుభ్రముగా ఉంచవలెనని రెండవది. హోవర్డు తన ఖర్చుతో వాటిని అచ్చువేయించి ప్రతి చెరసాలకు పంపెను. తరువాత మరల తిరిగి చూచెను. చాల చోట్ల చట్టము గోడకైనను అంటింపబడలేదు. అందుచేత 1777లో చెరసాలల స్థితిని గూర్చిన తన గొప్ప గ్రంథమును ప్రచురించెను. అందరు కొనగలుగునట్లు అతి తక్కువ వెల పెట్టెను. దానిలో వాగ్ధాటి లేదు. ఊరు, చెరసాల, జైలరు జీతము, రుసుము, నీరు, రొట్టె, ఖైదీల సంఖ్య, ఇంతే. చదువుచు పోగా పోగా ఆ జాబితాయే గుండెను పిండును.

అమెరికాలో యుద్ధము వచ్చినందున ఖైదీలను అచ్చటికి పంపు మార్గము మూతపడి, 1776 నుండి థేమ్సు నదిలో పాత ఓడలలో వారిని ఉంచనారంభించిరి. హోవర్డు జస్టీషియా అను ఓడకు పోయెను. అధికారి మంచి బిస్కత్తులు తెచ్చి చూపెను. మరియొకరైతే సంతోషించి దిగిపోయెడివారే. హోవర్డు భోజనము తూచి పంచువేళ వరకు అచ్చటనే నిలిచెను. అప్పుడు ఖైదీలకు వచ్చినది రెండు ప్రక్కల పచ్చని బూజుపట్టిన ముక్కలు. చెరసాలలు చూడబోవువారు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకొనిన చాలును.

ఐరోపా ప్రయాణములు చెప్పబూనిన స్థలము చాలదు. పారిసులో అధికారులు అడ్డుపడగా, ఖైదీలకు స్వయముగా ధర్మము చేయగోరువారిని లోపలికి రానీయవలెనను పాత శాసనమొకటి కనిపెట్టి, దానిని చూపి ప్రవేశించెను. బాస్టీల్ కోటలోనికి మాత్రము వంతెనవరకు పోగలిగెనే గాని కావలివారు వెనుకకు పంపివేసిరి. హాలండులో ఖైదీలకు పని నేర్పు పద్ధతిని మెచ్చెను. ఘెంటు నగరములో పగలు కలిసి పనిచేసి, రాత్రి ఒక్కొక్కరు ప్రత్యేకపు గదిలో నిద్రించు చెరసాలను చూచి ఇట్టిది మా దేశమునకు కావలెననుకొనెను. 1783లో మరల పోయిచూడగా మగ్గములు తీసివేయబడి, తిండి తగ్గింపబడి, అంతయు పాడైయుండెను. మంచి చెరసాలయు ఎవరును చూడనిచో కొద్దియేండ్లకే చెడునని అచ్చట ఆయనకు తెలిసెను. 1783 నాటికి ఆయన తిరిగినది 42,000 మైళ్లకు పైమాటే, ఖర్చంతయు తనదే.

1786లో ఆయన చేసిన పనిని వివేకులు వెఱ్ఱి యన్నను ఆశ్చర్యములేదు. తెగులు పుట్టిన దేశములనుండి వచ్చు ప్రయాణికులను నిర్బంధించి ఉంచు క్వారంటీను గృహముల సంగతి వెలుపలినుండి చూచినంతలో తెలియలేదు. కాబట్టి తెగులున్న స్ముర్న పట్టణమునుండి, అనుమానింపబడిన ఓడనే కోరి ఎక్కి వెనిసునకు పయనమాయెను. దారిలో సముద్రపు దొంగలు పైబడిరి. వెనిసులో నలుబది రెండు దినములు నిర్బంధములో ఉండెను. మొదట ఇచ్చిన గది గోడల కంపుచేత తలనొప్పి, నీరసము కలుగగా, అధికారులు ఏమియు చేయనందున, కొంత సున్నము సంపాదించి తానే వెల్లవేయించుకొనెను. ముప్పది యేండ్ల క్రిందట బ్రెస్టులో బలవంతముగా ఖైదీ యైనవాడు ఇప్పుడు కోరి ఖైదీ ఆయెను. ఆ దినములలోనే రెండు వార్తలు వచ్చెను. ఇంగ్లండులో తనకు శిలావిగ్రహము నిలుపుటకు చందాలు పోగుచేయుచున్నారని ఒకటి. తన ఒక్కగానొక్క కుమారునికి మతి చలించినదని మరియొకటి. మొదటిదానిని వెంటనే ఆపుడని గట్టిగా వ్రాసెను. రెండవదానికి ఆయన చేయగలిగినది ఏమియు లేకపోయెను. ఇంటికి రాగా కుమారుని కాపుదలలో ఉంచవలసి వచ్చెను. ఆ యువకుడు 1799లో పిచ్చివారి ఆశ్రమములోనే మరణించెను. వేలకొలది పరుల కుమారులను లోపలికి పోయి చూచినవాని యింట ఇది జరిగెను. దీనిమీద తీర్పు చెప్పుట మాకు చేతకాదు.

ఆయన పేరు చెప్పుకొని తరువాత జరిగినది కూడ చెప్పక తప్పదు. రాత్రివేళ ప్రత్యేకపు గది మంచిదని హోవర్డు చెప్పెను. పగలు కలిసి పనిచేయుట ఉండవలెననెను. పూర్తి ఏకాంతము మనుష్య స్వభావమునకు మించిన భారమనియు, మతి చలించుటకో నిరాశకో దారితీయుననియు 1789లో అచ్చైన తన గ్రంథములో హెచ్చరించెను. తరువాతివారు గదిని తీసికొని హెచ్చరికను విడిచిరి. 1829లో ఫిలడెల్ఫియాలోను, 1842లో లండనులోని పెంటన్‌విల్‌లోను కట్టిన క్రొత్త చెరసాలలు శుభ్రమైనవి. గాలి, వెలుతురు, నీరు, తిండి అన్నియు ఉండెను. గదికొక బైబిలు ఉండెను. ఒంటరిగా ఉండిన పశ్చాత్తాపము పుట్టునని భక్తిపరులే ఆ యేర్పాటు చేసిరి. పెంటన్‌విల్‌లో ఒకరినొకరు గుర్తింపకుండ ముసుగులు. దేవాలయములో సయితము ఒక్కొక్కనికి అడ్డుపలకలు. పాటలో తప్ప గొంతెత్తుటకు వీలులేదు. ఈ స్థితి మొదట పదునెనిమిది నెలలు. మతి తప్పినవారి సంఖ్య చూచి పిమ్మట ఆ గడువును తగ్గించిరి. పాత చెరసాలలో ఖైదీలు జ్వరముతో చచ్చిరి. క్రొత్తదానిలో కొందరు మతిపోయి బ్రతికిరి. గది కొలిచినవారుండిరి గాని, హోవర్డువలె గది కొలిచి లోపలివానిని ఎట్లున్నదని అడిగినవారు లేకపోయిరి.

1789లో హోవర్డు కడసారి బయలుదేరి రష్యా దేశమునకు పోయెను. తుర్కులతో యుద్ధము జరుగుచుండినందున దక్షిణమున ఖెర్సోను పట్టణమందలి సైనికుల ఆసుపత్రులు రోగులతో నిండి, దిక్కులేక యుండెను. వాటిని చూచుచు అచ్చటనే నిలిచిపోయెను. జ్వరపడిన ఒక యువతిని చూచి మందిచ్చుటకు చలికాలపు వానలో గుఱ్ఱముమీద చాలదూరము పోయి వచ్చి, ఆ జ్వరమే తనకు తగిలి 1790 జనవరి 20వ తేదీన మరణించెను. అప్పటికి ఆయన వయస్సు అరువదిమూడేండ్లు.

సమాధిపై రాయి వద్దు, విగ్రహము వద్దు, పొద్దు చూపు గడియారపు పలక ఒకటి పెట్టి నన్ను మరచిపొండని తన స్నేహితునికి చెప్పియుండెను. ఖెర్సోను దగ్గరి పల్లెలో పాతిపెట్టిరి. ఇంగ్లండువారు మాత్రము మరువనొల్లక, లండనులోని సెయింట్ పాల్ మహా దేవాలయములో మొట్టమొదట నిలిపిన విగ్రహముగా ఆయనదే నిలిపిరి. రోమీయుల వస్త్రము తొడిగి, చేతిలో తాళపుచెవి, పాదముల క్రింద సంకెళ్లతో ఆయన అచ్చట నిలువబడియున్నాడు. ఆ తాళపుచెవిని చూచి అపొస్తలుడైన పేతురు అనుకొని పోవువారు కొందరు ఉండెడివారట.